కీటో మీద ఉండి సైకిల్ తొక్కేవాళ్ళు కార్బ్స్ ఎప్పుడు, ఎంత తింటున్నారండి? 200 కిలోమీటర్ల రైడ్‌కి రెడీ అవుతున్నా

పాలకొల్లు పెడల్:

అందరికీ నమస్తే అండి. నాకు 36 ఏళ్ళు, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, రొయ్యల మేత వ్యాపారం. కిందటేడు ఉగాదికి 94 కిలోలు ఉండేవాణ్ణి, కీటో, అంటే కార్బ్స్ (పిండి పదార్థాలు) బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే పద్ధతి, మొదలెట్టాక ఎనిమిది నెలల్లో 79కి వచ్చా. అన్నం, ఇడ్లీ, దిబ్బరొట్టె అన్నీ మానేశా, గుడ్లు, చేపలు, రొయ్యలు, తోటకూర, గోంగూర, పన్నీరు, నెయ్యి, కొబ్బరి, ఇవే నా తిండి, రోజుకి కార్బ్స్ 30 గ్రాములు దాటకుండా చూసుకుంటున్నా. బరువు తగ్గాక సైకిల్ మీద పడ్డాను, ఇప్పుడు వారానికి నాలుగు రోజులు పొద్దున్నే అయిదింటికి కాలవ గట్టు మీద తొక్కుతున్నా. నెమ్మదిగా అయితే 70, 80 కిలోమీటర్లు ఏమీ తినకుండా హాయిగా వెళ్ళిపోతున్నానండి, ఆకలి కూడా వెయ్యదు.

కష్టం ఎక్కడొచ్చిందంటే గ్రూపుతో వెళ్ళినప్పుడు. మొన్న ఆరుగురం కలిసి చించినాడ వంతెన మీదుగా దిండి వైపు వెళ్ళాం. ఫ్లాట్ రోడ్డు మీద అందరితో సమానంగానే ఉన్నా, వంతెన ఎక్కేటప్పటికి వాళ్ళు కొంచెం స్పీడ్ పెంచారు, అంతే, నా కాళ్ళలో ఇసక పోసినట్టయిపోయింది. ఆయాసం కాదండి, ఊపిరి బానే ఆడుతోంది, కాళ్ళే కదల్లేదు. వంతెన మధ్యకి వచ్చేసరికి వాళ్ళు అవతల దిగిపోతున్నారు, నేను గేర్లు తగ్గించుకుంటూ గోదారి వంక చూస్తూ ఒక్కణ్ణే మిగిలిపోయా. మన దగ్గర ఎత్తు అంటే వంతెనే కదా, దానికే ఇలా అయితే ఎలాగ అని చాలా బాధేసింది.

ఎవరో చెబితే నెల నుంచి ఆదివారం ఒక్కరోజు కార్బ్స్ తింటున్నా, బిర్యానీ, సాయంత్రం స్వీట్లు, అలా. సోమవారం పొద్దున తూకం చూస్తే 1.8 కిలోలు పెరిగి ఉంటోంది, బుధవారానికి మళ్ళీ దిగిపోతోంది, రైడ్‌లో మాత్రం తేడా తెలీట్లేదు. ఈ ఆదివారం పద్ధతి కంటిన్యూ చెయ్యాలా, రైడ్ ముందు కొంచెం తినాలా, లేకపోతే కీటోనే వదిలెయ్యాలా? రెండు నెలల్లో 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే టైమ్ లోపు పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిల్ రైడ్, ఉంది, పదమూడున్నర గంటల టైమ్. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, వదిలెయ్యమంటే మాత్రం భయంగా ఉందండి, ఆ 94 మళ్ళీ చూడలేను.

గౌతమి గట్టు:

తమ్ముడూ, ముందు 15 కిలోలు తగ్గినందుకు అభినందనలు, చిన్న విషయం కాదది. నాకు 51, రాజమండ్రి, 200లు, 300లు చాలా చేశాను, మూడేళ్ళు కీటో మీదే తొక్కాను, కాబట్టి నీ కాళ్ళలో ఇసక ఏంటో నాకు బాగా తెలుసు.

నెమ్మదిగా తొక్కేటప్పుడు ఒళ్ళు కొవ్వుతోనే పని చేయించుకుంటుంది, దానికి కొరత లేదు. వంతెన మీదో ఎదురుగాలిలోనో దమ్ము పెట్టి తొక్కాల్సి వచ్చినప్పుడు మాత్రం కండరంలో దాచుకున్న పిండి పదార్థం కావాలి, గ్లైకోజెన్ అంటారు కదా అది. మామూలుగా తినేవాడికి కండరాల్లో 400, 500 గ్రాములు, లివర్‌లో ఇంకో 80, 100 గ్రాములు ఉంటుంది, కీటో మీద ఉన్నప్పుడు ఆ నిల్వ బాగా తగ్గుతుంది. పైగా అదే లీటర్ ఆక్సిజన్‌తో కొవ్వు కాలిస్తే వచ్చే శక్తి కార్బ్స్ కన్నా సుమారు 7 శాతం తక్కువ, నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ఆ తేడా నీకు తెలీదు, పీకల దాకా వచ్చినప్పుడు తెలుస్తుంది.

సోమవారం నీకు కనపడే 1.8 కిలోలు కొవ్వు కాదు, కంగారు పడకు. గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు మూడు గ్రాముల దాకా నీళ్ళు పట్టుకుంటుంది, 400 గ్రాములు నిండితే అక్కడే కిలోన్నర వచ్చేసింది చూడు, మిగతాది ఉప్పు, కడుపులో ఉన్న తిండి.

మరి నిండినా రైడ్‌లో తేడా ఎందుకు లేదు అన్నావే, అసలు సంగతి అక్కడుంది. 2006లో దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో బాగా ట్రైనింగ్ ఉన్న ఎనిమిది మంది సైక్లిస్టులతో సరిగ్గా ఇదే చేసి చూశారు, ఆరు రోజులు కొవ్వు ఎక్కువ తిండి, ఏడో రోజు ఫుల్లుగా కార్బ్స్, తర్వాత 100 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, మధ్యమధ్యలో 4 కిలోమీటర్లవి, ఒక కిలోమీటరువి స్ప్రింట్లు. మొత్తం టైమ్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు గానీ ఒక కిలోమీటరు స్ప్రింట్లలో పవర్ పడిపోయింది, అంటే నీ వంతెనే అనుకో. అదే ఏడాది ఇంకో టీమ్ కండరం ముక్క తీసి చూస్తే, గ్లైకోజెన్ నిండుగానే ఉంది, కానీ దాన్ని మంటలోకి పంపే ఎంజైమ్, పైరువేట్ డీహైడ్రోజనేజ్ అంటారు, అది మందగించి ఉంది. మన భాషలో చెప్పాలంటే గోడౌన్ నిండా ధాన్యం ఉంది, మిల్లులో సగం మిషన్లే తిరుగుతున్నాయి. వారమంతా కొవ్వు మీద ఉంచి ఒక్క రోజు అన్నం పెడితే గోడౌన్ నిండుతుంది గానీ మిల్లు వెంటనే స్పీడ్ అందుకోదు. మిల్లు తిరగాలంటే ట్రైనింగ్‌లో గట్టి రోజున దానికి ధాన్యం వెయ్యాలి.

ఇంకోటి, బిర్యానీ లోడింగ్ కాదు తమ్ముడూ. పద్ధతిగా చేసేవాళ్ళు లోడింగ్ రోజున కొవ్వు బాగా తగ్గిస్తారు, ఒంట్లో కొవ్వు తీసేయగా మిగిలిన బరువులో కిలోకి 8, 10 గ్రాముల కార్బ్స్ తింటారు. నీకు అది 60 కిలోలు అనుకుంటే 500 గ్రాములు, వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాములే ఉంటాయి కాబట్టి కిలో ముప్పావు అన్నం అన్నమాట! నువ్వు తినేది అటు లోడింగ్‌కీ చాలదు, ఇటు కీటోలోనూ ఉండనివ్వదు, ఎందుకంటే మళ్ళీ కీటోసిస్‌లోకి, అంటే ఒళ్ళు కొవ్వు నుంచి కీటోన్లు తయారు చేసుకుని నడిచే స్థితిలోకి, రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అప్పటికి బుధవారం.

నా సలహా, ఆదివారం విందు ఆపెయ్. వారంలో రెండే రెండు రోజులు గట్టిగా తొక్కు, ఆ రెండు రోజులూ రైడ్‌కి ముప్పావు గంట ముందు 30, 40 గ్రాముల కార్బ్స్ తిను, రెండు చక్కెరకేళీలు చాలు. మిగతా రోజులు నీ కీటో నీదే. దీన్ని టార్గెటెడ్ పద్ధతి అంటారు, ఆ తిన్నది చాలావరకు ఆ గంటలోనే ఖర్చయిపోతుంది, బరువు భయం పెట్టుకోవద్దు.

కాకినాడ బీచ్ రోడ్డు:

నేను కొంచెం వేరేగా చెప్తానండి. నాకు 42, రెండేళ్ళుగా కీటో, మారథాన్లు పరిగెడతాను, కిందటేడు సైకిల్ మీద 200 కూడా పూర్తి చేశాను, దారిలో తిన్నది గుడ్లు, వేరుశనగలు, ఉప్పు వేసిన మజ్జిగ, కొబ్బరి ముక్కలు. కార్బ్స్ చాలా తక్కువే. పన్నెండు గంటల పది నిమిషాల్లో వచ్చేశాను.

లెక్క చూడండి, 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలంటే ఆగడాలు, టిఫిన్లు, పంక్చర్లు అన్నీ కలుపుకుని గంటకి 15 కిలోమీటర్లు కూడా అక్కర్లేదు. అది కొవ్వు మీద వెళ్ళగలిగే స్పీడే. 1983లో అమెరికాలో అయిదుగురు సైక్లిస్టుల్ని నాలుగు వారాలు 20 గ్రాముల లోపు కార్బ్స్ మీద ఉంచితే, మధ్యస్థంగా తొక్కేటప్పుడు అలిసిపోయేదాకా పట్టిన టైమ్ సగటున ముందులాగే ఉంది, రెండున్నర గంటల దగ్గర. కాబట్టి కీటో వల్ల 200 అవ్వదు అనేది కరెక్ట్ కాదు. బ్రెవే రేసు కాదండి, ఎవరూ మీకు మొదటి స్థానం ఇవ్వరు, టైమ్ లోపు వస్తే అందరూ ఒకటే. మీ గ్రూపు వంతెన మీద ముందుకి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి, దిండి దగ్గర టీ కోసం ఆగుతారు, అక్కడ కలుస్తారు.

ఒకటి మాత్రం తప్పకుండా చూసుకోండి, ఉప్పు. కీటోలో ఇన్సులిన్ తగ్గేసరికి కిడ్నీలు సోడియాన్ని బయటికి వదిలేస్తాయి, దానికి తోడు మన ఉక్కపోత, పొద్దున ఏడు దాటితే జెర్సీ పిండితే నీళ్ళు కారతాయి. నాకు మొదటి మూడు నెలలు తలనొప్పి, పిక్కలు పట్టెయ్యడం, నిలబడితే కళ్ళు తిరగడం, అన్నీ కార్బ్స్ లేకే అనుకున్నా, తీరా చూస్తే ఉప్పు లేక. మీ కాళ్ళలో ఇసక సగం అదేనేమో ఒకసారి చూడండి. బీపీ ఉంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా ఉప్పు పెంచకండి.

గౌతమి గట్టు:

అమ్మా, మీరు చెప్పిన ఉప్పు మాట నూటికి నూరుపాళ్ళు నిజం, నేను రాయడం మర్చిపోయా. టైమ్ లెక్క కూడా కరెక్టే. కాకపోతే తమ్ముడికి పూర్తి చెయ్యడం ఒక్కటే కాదు, గ్రూపుతో ఉండాలని ఉంది, అదీ న్యాయమైన కోరికే. మన డెల్టాలో కొండలు లేకపోయినా గాలి ఉంది, యానాం వైపు మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురొస్తే గ్రూపు వెనకాల దాక్కున్నవాడికీ ఒంటరిగా తొక్కేవాడికీ పడే కష్టంలో చాలా తేడా. వంతెన మీద గ్రూపు తప్పిపోతే తర్వాత 60 కిలోమీటర్ల గాలి నువ్వే మొయ్యాలి, అందుకే ఆ మూడు నిమిషాల దమ్ము అవసరం అంటున్నా.

పాలకొల్లు పెడల్:

అక్కా, అన్నా, ఇద్దరికీ చాలా థాంక్సండి. అవునండి, నాకు గ్రూపుతో ఉండాలనే ఉంది, వాళ్ళ కబుర్లు వింటూ తొక్కుతుంటే దూరం తెలీదు. ఉప్పు నేను అసలు పట్టించుకోలేదు, బీపీ లేదు, ఈ రోజు నుంచే మజ్జిగలో వేసుకుంటా.

ఇంకో మాట అడగాలి. నన్ను చూసి మా బావగారు కూడా మూడు వారాల క్రితం కీటో మొదలెట్టారు, ఆయనకి 48, షుగర్‌కి రెండు మాత్రలు వాడతారు, ఒకటి గ్లిమెపిరైడ్, ఇంకోటి డపాగ్లిఫ్లోజిన్. ఆదివారం నాతో 40 కిలోమీటర్లు వస్తానంటున్నారు. మొన్నటి నుంచి కొంచెం వికారంగా ఉందన్నారు, కీటోలో మొదట్లో మామూలే అని నేనే చెప్పాను. ఆయనకి కూడా ఈ అరటిపళ్ళ పద్ధతి సరిపోతుందా?

మందుల షాపు భీమవరం:

అన్నయ్యగారూ, ఇది చదవగానే రాస్తున్నా, ముందు మీ బావగారికి ఫోన్ చెయ్యండి, తర్వాత మిగతాది చదవండి.

నేను ఫార్మసిస్టుని, పద్నాలుగేళ్ళుగా ఇదే పని. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు సొంతంగా కీటో చెయ్యడం ప్రమాదం. ఆ మాత్ర షుగర్‌ని మూత్రంలోకి పంపేస్తుంది, ఇన్సులిన్ తగ్గుతుంది, ఒళ్ళు కీటోన్లు తయారు చెయ్యడం పెరుగుతుంది, దానికి కీటో తిండి తోడైతే ఒక్కోసారి రక్తం ఆమ్లంగా మారిపోయే కీటోఅసిడోసిస్ వస్తుంది. అందులో మోసం ఏంటంటే షుగర్ మిషన్ మీద నంబరు పెద్దగా పెరగదు, 160, 180 చూసి బానే ఉంది అనుకుంటారు. వికారం, వాంతులు, కడుపునొప్పి, విపరీతమైన నీరసం, ఊపిరి వేగంగా తీసుకోవడం, ఇవీ గుర్తులు. మా షాపుకి రెగ్యులర్‌గా వచ్చే ఒకాయన ఇలాగే వాంతులకి మాత్ర ఇమ్మని వచ్చారు, అరుగు మీద కూర్చుని ఎగశ్వాస పడుతున్నారు, కారు మాట్లాడి ఆస్పత్రికి పంపాం, నాలుగు రోజులు ఐసీయూలో ఉన్నారు.

గ్లిమెపిరైడ్ కథ ఇంకోటి, అది తిన్నా తినకపోయినా ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, కార్బ్స్ మానేసి 40 కిలోమీటర్లు తొక్కితే షుగర్ దారుణంగా పడిపోవచ్చు, రోడ్డు మీద పడిపోతారు. ఆయన ఈ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, కీటో చేస్తున్నానని స్పష్టంగా చెప్పాలి, కీటోన్లు రక్తంలో చూడమని అడగాలి. డపాగ్లిఫ్లోజిన్ ఇంకోటి వేసుకునే ముందే డాక్టర్ని అడగాలి, మిగతా మాత్ర సొంతంగా మానెయ్యడం వద్దు. ఆదివారం రైడ్ సంగతి దేవుడెరుగు.

పాలకొల్లు పెడల్:

ఫోన్ చేశానండి. పొద్దున రెండు వాంతులు అయ్యాయట, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే బయల్దేరి వెళ్తున్నా.

పీఈటీ అమలాపురం:

బాబూ, బావగారు ఎలా ఉన్నారో ముందు రాయి. నేను పిల్లలకి కబడ్డీ నేర్పుతాను, ఆ అనుభవంతో ఒక మాట. కబడ్డీలో రెయిడ్ 30 సెకన్లు, మొత్తం దమ్ము మీదే ఆట. ఒక కుర్రాడు సంక్రాంతి టోర్నమెంటు ముందు బరువు కేటగిరీ కోసం వీడియోలు చూసి కీటో చేశాడు, ఫస్టాఫ్ బాగా ఆడాడు, సెకండాఫ్‌లో గీత దాటాక వెనక్కి రాలేకపోయాడు. వాళ్ళ అమ్మ పెట్టే అన్నం, పప్పు, చేపల కూర మళ్ళీ మొదలెట్టించి, రాత్రి ఆలస్యంగా తినే పరోటాలు, కూల్‌డ్రింకులు మాన్పించా, బరువు నెమ్మదిగా అదే దిగింది.

2017లో ఆస్ట్రేలియాలో ప్రపంచస్థాయి నడక పందెం వాళ్ళతో చేసిన ప్రయోగం కూడా ఇలాంటిదే చెప్పింది. మూడు వారాలు గట్టి ట్రైనింగ్, కార్బ్స్ తిన్న రెండు గ్రూపులూ 10 కిలోమీటర్ల టైమ్ మెరుగుపరుచుకున్నాయి, కీటో గ్రూపు మెరుగుపడలేదు, కొవ్వు కరిగించే శక్తి విపరీతంగా పెరిగినా అదే స్పీడుకి ఆక్సిజన్ ఎక్కువ ఖర్చయింది. నీకు వదలడం భయం అన్నావు, అర్థమైంది, వదలక్కర్లేదు. కానీ గట్టి రోజులకి మాత్రం కార్బ్స్ పెట్టు, ఆ రోజున తప్పు చేస్తున్నానని అనుకోకు, అది ట్రైనింగ్‌లో భాగమే.

పాలకొల్లు పెడల్:

అయిదు వారాల తర్వాత రాస్తున్నానండి, క్షమించాలి.

ముందు బావగారు. కీటోన్లు బాగా ఎక్కువున్నాయి, షుగర్ చూస్తే 174, ఇంకో రోజు ఆగితే చెప్పలేం అన్నారు డాక్టర్ గారు. మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చారు, మాత్రలు మార్చారు, ఇప్పుడు రెండు పూటలా కొద్దిగా అన్నం తింటూ సాయంత్రం నడుస్తున్నారు. భీమవరం చెల్లెమ్మకి మా అక్క చేతులెత్తి దణ్ణం పెట్టమంది.

ఇక నా సంగతి. ఆదివారం బిర్యానీ ఆపేశా. మంగళవారం, శుక్రవారం గట్టి రోజులు, నాలుగున్నరకి లేచి రెండు చక్కెరకేళీలు తిని, అయిదుంబావుకి లాకుల దగ్గర మొదలెట్టి మూడేసి నిమిషాలు దమ్ము పెట్టి తొక్కడం, మూడు నిమిషాలు నెమ్మదిగా, అలా ఆరు సార్లు. మొదటి వారం ఏమీ తెలీలేదు, రెండో వారం నాలుగో రౌండ్ దాకా కాళ్ళు ఆడాయి, మూడో వారానికి ఆరూ అయ్యాయి. గ్రూప్ రైడ్ ముందు రోజు రాత్రి రొయ్యల కూరతో పెద్ద గిన్నెడు అన్నం, నూనె తక్కువగా. ఎన్నాళ్ళకి తిన్నానో, ఆ వేడన్నం వాసనకి కళ్ళలో నీళ్ళొచ్చాయండి. రైడ్‌లో లీటర్ నీళ్ళకి 60 గ్రాముల బెల్లం, రెండు నిమ్మకాయలు, పావు చెంచా ఉప్పు, రెండు గంటలకి ఒక లీటర్ తాగేలా, మధ్యలో మామూలు నీళ్ళు వేరే.

మొన్న ఆదివారం చించినాడ, రాజోలు, బోడసకుర్రు వంతెన మీదుగా అమలాపురం వెళ్ళొచ్చాం. చించినాడ మీద వాళ్ళు మళ్ళీ స్పీడ్ పెంచారు, నేను మూడో చక్రం పట్టుకుని వదల్లేదు. కాళ్ళు మండాయి గానీ ఆ ఇసక లేదు. పైకి చేరాక ఎదర ఉన్న అన్న వెనక్కి తిరిగి చూసి ఉన్నావా అన్నాడు, ఉన్నా అన్నాను. బరువు 79కీ 80కీ మధ్యనే ఉంది.

ఒకటే ఇబ్బందండి, పదకొండు దాటి ఎండెక్కాక బెల్లం నీళ్ళు సీసాలో పులిసిన వాసన వస్తున్నాయి. 200 రోజున మీరంతా ఏం చేస్తారు?

గౌతమి గట్టు:

సంతోషం తమ్ముడూ, బావగారు క్షేమం, అది చాలు. బెల్లం పొద్దున్నే మొత్తం కలపకు. పొడి చేసి, ఉప్పు కూడా అందులోనే కలిపి, 60 గ్రాముల పొట్లాలు కట్టి జేబులో పెట్టుకో, సీసా ఖాళీ అయినప్పుడల్లా ఒకటి విప్పి మంచి నీళ్ళలో కలుపుకో, నిమ్మకాయ దారిలో ఏ బడ్డీ కొట్లోనైనా దొరుకుతుంది. సీసా మూత లోపల రబ్బరు వాషర్ తీసి కడుగు, పులుపు అక్కడే పట్టేస్తుంది.